గాలానికి రూలేంటండీ?

రావులపాలెం హైస్కూల్లో డ్రిల్ టీచరు వరహాలక్ష్మికి ఆదివారం వస్తే కాలు ఇంట్లో నిలిచేది కాదు. కుచ్చిళ్లు బొడ్లో దోపి, వెదురు గాలం భుజాన వేసుకుని ఊరి చివర డ్రెయిను గట్టుకి పోయేది. ఆడమనిషికి ఈ చేపల పిచ్చేంటని వీధిలో చెవులు కొరుక్కునేవారు. ఆవిడ వినిపించుకుంటేగా.

తొంభయ్యేడులో మత్స్యకారుల సొసైటీ వాళ్లు ఆ గట్టు మీద బోర్డు పెట్టారు. కొర్రమీను పిల్లలు చేసే కాలం, ఆషాఢం శ్రావణం చేపలు పట్టరాదని. వరహాలక్ష్మి బోర్డు చదివి, దాని నీడలోనే కూర్చుంది.

"ఇది వలలకండీ. గాలానికి రూలేంటండీ?" అంది పక్కనే గాలం వేసిన లెక్కల మాస్టారు ప్రసన్నకుమార్‌తో.

"అయినా మనం మానేస్తే ఇంకోడు పట్టుకుపోతాడు కదండీ," అన్నాడాయన.

అంతలో ఆవిడ బెండు మునిగింది. మోచేతి పొడుగు కొర్రమీను. గట్టున పడేసేదాకా సంబరమే. అప్పుడు చూసింది నీళ్లలోకి. గుప్పెడు కారం చల్లినట్టు ఎర్రగా పిల్లల గుంపు. కాసేపు అక్కడక్కడే గిర్రున తిరిగాయి. తల్లి కాపలా లేదని కనిపెట్టినట్టు కిందనుంచి జెల్ల చేపలు వచ్చి పడ్డాయి, పైనుంచి లకుముకి పిట్ట. చూస్తుండగానే ఆ ఎరుపు పలచబడి మాయమైంది.

గాలం ఊడదీసి చేపను నీళ్లలో వదిలింది. అప్పటికి అది కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు.

మరుసటి ఆదివారం ఉత్త చేతులతో వచ్చింది. "ఈ రెండు నెలలూ వద్దండి మాస్టారూ."

"మీరు మానేస్తే మానేయండి. నా గాలం మీకేం అడ్డమండీ?"

వరహాలక్ష్మి కాస్త అవతలగా కూర్చుని, ఆయన బెండు పక్కన మట్టిగడ్డ విసిరింది. తర్వాత ఇంకోటి. పొద్దెక్కేదాకా విసురుతూనే ఉంది.

"ఏంటండీ ఇది, చిన్నపిల్లలాగ!" అని కేకలేసి, చివరికి ఆయన గాలం చుట్టుకుని సైకిలెక్కాడు.

స్టాఫ్‌రూమ్‌లో ఆయన వారాల తరబడి మాట కలపలేదు. ఆయన వేరే కాలువ మీద గాలం వేస్తున్నాడని తెలిసినా ఆవిడ చేయగలిగిందేమీ లేదు. ఈ గట్టున మాత్రం టీచరుగారు మట్టిగడ్డలు పోగేసుకుని కూర్చుంటున్నారని ఊళ్లో పాకి, మిగతా గాలాలు రావడం మానేశాయి. సొసైటీ వాళ్లు వచ్చి మెచ్చుకుంటే, "నా సరదా కోసమేనండి. చేపలుంటేనే కదా పట్టేది," అంది.

శ్రావణం వెళ్లి బోర్డు తీసేసిన రోజు అందరికంటే ముందు గాలం వేసింది ఆవిడే. ఒక్కటీ పడలేదు. అయినా చీకటి పడేదాకా లేవలేదు.