ఉప్పు చూసే పని

నా చిన్నప్పుడు చేప ముల్లంటే పాముకన్నా ఎక్కువ భయపడేదాన్ని. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టరు మాది. ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి నా గొంతులో ముల్లు దిగింది. డాక్టరుగారు దాన్ని బయటికి తీసేదాకా ప్రాణం పోతుందనే అనుకున్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు చేప ముట్టలేదు. ఇంట్లో చేపలు వండిన రోజు కంచం పట్టుకుని వరండాలోకి పోయి పెరుగన్నం తినేదాన్ని. అమ్మ బతిమాలింది. నాన్న కసిరాడు. పక్కింటి బెంగాలీ దీదీ అయితే, మాఛ్ తినని పిల్లకి ఈ ఊళ్లో పెళ్లికొడుకే దొరకడని నవ్వేది. వాళ్లు చెప్పినకొద్దీ నా పట్టు ఇంకా బిగిసేది.

మా నాయనమ్మ మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఒక ఆదివారం, వాన పడుతున్న పొద్దున, నాన్న గోల్‌బజార్ నుంచి వేలెడంత కూడా లేని చిన్న చేపలు తెచ్చాడు. తాజావి, వెండిలా మెరుస్తున్నాయి. నాయనమ్మ వాటి పొట్టలు నొక్కి శుభ్రం చేసి, కల్లుప్పుతో రుద్ది కడిగింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, పసుపు, గుప్పెడు శనగపిండి వేసి కలిపింది. పెనం మీద ఆవనూనె కాగాక ఆ ముద్దను బిళ్లలుగా తట్టి వేసింది. అంచులు ఎర్రబడుతుండగా నన్ను కేకేసింది.

"ఓలె గుంటా, రొంప పట్టి నా నోరు సప్పగైపోనాది. ఉప్పు సరిపోనాదో నేదో తెల్డం నేదు. కూసింత సూసి సెప్పు."

"అమ్మనడుగు."

"మీయమ్మ తానానికెల్నాది. ఇక్కడ మాడిపోతన్నాయి, బేగి రా!"

మాడిపోతాయన్న కంగారులో అంచు తుంచి నోట్లో వేసుకున్నాను. ముల్లు కోసం నాలుకతో వెతికాను. ఎక్కడా లేదు, అంతా కరకరలాడిపోయింది. కానీ ఉప్పు నిజంగానే చాలలేదు. అదే చెప్పాను. నాయనమ్మ బుద్ధిగా తలూపి ఉప్పు కలిపింది. రెండో వాయికి కారం తక్కువన్నాను. మూడో వాయికి పిండి నేనే కలిపాను. నాలుగో వాయిలో చూడడానికేమీ లేదు, అయినా చూస్తూనే ఉన్నాను. తలకి తువ్వాలుతో వచ్చిన అమ్మ నన్ను చూసి నోరు తెరవబోతే, నాయనమ్మ కళ్లతోనే ఆపేసింది.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. నాయనమ్మ మొదటి ముద్ద పెట్టుకుని అమ్మతో అంది.

"ఏటమ్మీ, పప్పులో ఉప్పు రవ్వంత తగ్గినాది."

నేను చటుక్కున తలెత్తాను. "నీ నోరు సప్పగైపోనాదన్నావు గదే!"

నాన్నకి నవ్వొచ్చి పొలమారింది. నాయనమ్మ ఏమాత్రం తడబడలేదు. నేను కలిపిన వాయిలోంచి ఒక బిళ్ల తీసి కొరికింది.

"నీ సేతి వంట తిన్నాక మల్లీ వొచ్చేసినాది మరి!" అంది.

కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ నావల్ల కాలేదు. నేనూ నవ్వేశాను.

ఇప్పుడు నేనే నాయనమ్మని. మా మనవరాలికి కుక్కలంటే హడల్. భయపడకమ్మా అని దానికి ఒక్కసారి కూడా చెప్పలేదు. గుమ్మంలోకొచ్చే కుక్కపిల్లకి పాలు పోసే పని మాత్రం దానికి అప్పగించాను, నా నడుము వంగడం లేదని చెప్పి. మొదట్లో గిన్నె దూరంగా పెట్టి పరుగెత్తుకొచ్చేది. ఇవాళ ఆ కుక్కపిల్ల చెవులు నిమురుతూ కూర్చుంది.

నా నడుము నిక్షేపంలా ఉంది.