మేడమ్ ముడత గింజలు

మా మేడమ్ సోమవారం పొద్దున ఆస్పత్రిలో పోయారు. ఇలినాయ్‌లోని మా ల్యాబ్‌కి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆవిడ గింజల మీద తడి కాగితం సర్దుతున్నాను. పోయిన వేసవి ఎండలకి ఆ రకం మొక్కజొన్న పొలంలో మొత్తం మాడిపోయింది. కవరు అడుగున మిగిలిన ఈ గుప్పెడూ మొలవకపోతే, ఆవిడ ఇన్నేళ్ళుగా కాపాడిన రకం ఇక లేనట్టే.

ఎండుద్రాక్షలా ముడతలు పడిన గింజలు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో పుచ్చిపోయాయా అని మేడమ్‌ని అడిగాను.

"పుచ్చు కాదమ్మా. చక్కెరని పిండిగా మార్చే ఎంజైములు ఉంటయ్యి గదా. ఒకటి గొలుసు కడుతుంది, ఇంకోటి దాన్ని కత్తిరించి కొమ్మలు అతికిస్తుంది. అప్పుడే పిండి ఒద్దికగా సర్దుకుని గింజ నిండుతుంది. వీటికి అందులో ఒక ఎంజైము లేదు. లేనప్పుడేగా దాని విలువ తెలిసేది."

ఆ మాట ఇప్పుడు నాకు వేరేగా వినిపిస్తోంది.

ఎంజైములు వేడికి పాడవుతాయని గంటలకొద్దీ కోల్డ్‌రూమ్‌లోనే పనిచేసేవారు, గుంటూరు నేత చీర మీద రెండు స్వెట్టర్లు వేసుకుని. ఆదివారం చర్చిలో తెలుగు ప్రార్థన కాగానే పులిహోర డబ్బాతో ల్యాబ్‌కి వచ్చేసేవారు. రోజూ రాగానే ట్రే మీద కాగితం ఎత్తి, "లేచారా తల్లులూ?" అని పలకరించేవారు. మా టెక్నీషియన్ ఇక్కడి రైతు కుటుంబంలో పుట్టిన పెద్దావిడ. ఏమంటున్నారని అడిగితే, గుడ్‌మార్నింగ్ చెప్తున్నారని చెప్పాను. ఆవిడ నవ్వింది.

చివరిసారి చూడ్డానికి వెళ్తే, ఆస్పత్రిలో మేడమ్ అడిగింది కూడా గింజల గురించే.

"మొలిచినయ్యా?"

"ఇంకా లేదు మేడమ్."

"తొందరపడి పారెయ్యొద్దు. దాచుకున్న తిండి తక్కువ గదా, లేవడానికి టైం పడుతుంది."

నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాటలవి. ఫోన్ వచ్చిన రోజు ల్యాబ్ పార్కింగ్‌లో కార్ స్టార్ట్ చేయలేక చాలాసేపు ఏడ్చాను. ఈ దేశంలో నన్ను "తిన్నావా" అని అడిగిన మనిషి ఆవిడొక్కరే.

సమాధి కార్యక్రమం మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళేసరికి టెక్నీషియన్ ట్రే ముందు నిలబడి ఉంది. కాగితం అంచు మెల్లగా ఎత్తి, వంగి, తన యాసలో తడుముకుంటూ అడిగింది.

"లేచారా తల్లులూ?"

చాలావాటికి బూజు పట్టింది. ఓ మూల, ముడతలు పడ్డ ఒక్క గింజ మొనలోంచి తెల్లటి వేరు బయటికొచ్చి, తడి కాగితాన్ని పట్టుకుని ఉంది.