పట్టీ మేడం

సాఫ్ట్‌బాల్ నేర్పే ఆమెను ఆడపిల్లలంతా పట్టీ మేడం అనేవారు. బంతి విసరడానికి చెయ్యి గుండ్రంగా తిప్పేటప్పుడు మోచేయి పక్కకు పోకుండా వాళ్ల చేతికి ఒక పట్టీ బిగించేది. తన చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాచడానికి రాదు. ఆడే రోజుల్లో తప్పు సరిదిద్దేవాళ్లు లేక పాడైపోయింది. అందుకే రోజూ పొద్దున్నే మైదానానికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరి మోచేయీ తడిమి చూసేది. దర్జీ కూతురికి ఆరునెలలు అలాగే నేర్పింది. చివరికి పట్టీ లేకపోయినా ఆ పిల్ల విసిరే బంతి నడుము పక్కనుంచి సూటిగా దూసుకుపోయేది.

జట్టు ఎంపిక రోజున పెద్ద కోచ్ ముచ్చటపడి, "ఎవరమ్మా నేర్పింది?" అని అడిగాడు. ఈ పిల్లను చూసైనా తననూ జట్టుకు నేర్పడానికి పిలుస్తారని మేడం వల వెనక నిలబడి ఆశపడుతోంది. పిల్ల ఒకసారి పక్కనున్న తన తల్లి వైపు చూసింది. "ఎవరూ లేరు సార్. ఇంట్లో పట్టీ పెట్టుకుని నేనే నేర్చుకున్నా," అంది. కోచ్ ఆ పిల్ల భుజం తట్టాడు.

బయటికొచ్చాక ఆ పిల్ల తల్లి మేడం దగ్గరికి వచ్చి, "ఏమనుకోకండి మేడం. సొంతంగా నేర్చుకుందంటే విలువ ఎక్కువని నేనే అలా చెప్పమన్నాను," అంది.

"దాందేముందమ్మా," అంది మేడం.

మర్నాడు కొత్తగా చేరిన అమ్మాయికి పట్టీ కడుతుంటే, "మేడం, బాగా బిగుసుకుంది, నొప్పెడుతోంది," అందా పిల్ల.

మేడం తలెత్తలేదు. "ఉండనీ," అని ఇంకో కన్నం లోపలికి లాగి బిగించింది.