పందెం గిత్తలతో మాదాపూర్ ఆటల మేళాకు

బొమ్మలు గీసే పిల్లకు జ్వరం రాకపోతే నేను హైదరాబాదు మొహం చూసేవాణ్ని కాదు. నా కూతురి కూతురు లహరి, ఆ బొమ్మల పిల్ల, ఇద్దరూ కలిసి రెండేళ్లుగా కంప్యూటరులో ఒక ఆట తయారుచేస్తున్నారు. మన వైపు గిత్తల చేత బండ లాగించే పందెం ఉంది కదా, అదే ఆట. అందులో గిత్తలు ఎట్లా అడుగు వేయాలో, ఎక్కడ మొరాయిస్తాయో చెప్పింది నేను. అదిలించే గొంతు కూడా నాదే. చిన్నవాళ్లు సొంతంగా చేసిన ఆటలను మాదాపూరులో ఒక మేళాలో బల్లలు వేసి చూపిస్తారట. ఆటలు తీసుకుని బజారులో పెట్టే కంపెనీలవాళ్లు అక్కడికి వచ్చి చూస్తారట. నందిగామ కాలేజీలో పాఠాలు చెప్పే మా అల్లుడు కూతురికి గడువు పెట్టాడు. ఈ మేళాలో ఎవరన్నా ముందుకు వస్తే సరే, లేకపోతే సోమవారం నుంచి ఆట కట్టిపెట్టి ఉద్యోగంలో చేరాలి. బల్ల దగ్గర రెండో మనిషి లేకపోతే కుదరదని లహరి ఫోన్ చేసింది. నేను చదివింది మూడో తరగతి. ఈ రాత కూడా ఫోనుతో మాట్లాడితే అదే రాసుకుంది, తప్పులు లహరి దిద్దింది. నాలాంటివాణ్ని పిలిచిందంటే దానికి ఇంకెవరూ దొరకలేదని అర్థం చేసుకుని సరే అన్నాను.

జగ్గయ్యపేట చుట్టుపక్కల వాళ్లు ఎవరన్నా ఇట్లా పోదలిస్తే పేట బస్టాండుకు పోయి కూర్చోకండి. చిల్లకల్లు దగ్గర హైవే మీద నిలబడితే విజయవాడ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. లహరి నందిగామలోనే ఎక్కి నాకు సీటు ఆపింది. తెల్లవారుజామున ఎక్కితే తొమ్మిదింటికల్లా ఎల్బీనగర్. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది మెట్రో మెట్ల దగ్గర మొదలైంది. బల్ల మీద అలంకారంగా పెట్టడానికని లహరే నా చర్నాకోల, అంటే గిత్తలను తోలే కొరడా, తెమ్మంది. తనిఖీ చేసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది పెద్దాయనా?"

"చర్నాకోల. ఎడ్లకు."

"లోపల ఎడ్లు లేవు కదా."

"బయట మాత్రం ఎక్కడున్నాయి నాయనా? అన్నీ దీని కంప్యూటర్లోనే ఉన్నాయి" అన్నాను. అతను నవ్వలేదు. కొరడాలు పనికిరావన్నాడు. మెట్రోలో వంద రూపాయల లోపు తేలిపోయే ప్రయాణానికి ఆటోకు ఆరువందలు పోసి, గంటన్నర పొగ పీల్చి మాదాపూర్ చేరాం. తీరా అక్కడ గేటులో చూస్తే, వీపున నిలువెత్తు కత్తులు కట్టుకుని, జుట్టుకు నీలం రంగు పూసుకున్న కుర్రాళ్లను దణ్ణం పెట్టి లోపలికి పంపుతున్నారు. అవి అట్ట కత్తులట, వాళ్లవి ఆటల్లోని వీరుల వేషాలట. నా కొరడాను మాత్రం సంచిలో పెట్టి మూతి కట్టమన్నారు.

లోపల ఆ మోత మనిషి భరించేది కాదు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పాట, అన్నీ ఒకేసారి. మాకిచ్చింది మూత్రశాలల దారిలో ఒక మూల. కుర్చీ ఒకటే ఇచ్చారు. ఇంకోటి కావాలంటే అద్దె కట్టాలట. నేను పంచె, తలపాగాతో నిలబడి ఉంటే నీలం జుట్టు పిల్ల ఒకతి వచ్చి పక్కన నిలబడి ఫోటో తీసుకుంది.

"తాతా, సూపర్ గెటప్. మీరు ఏ క్యారెక్టర్?"

"నేను నేనేనమ్మా. నువ్వెవరు?"

ఆమె ఏదో జపాను పేరు చెప్పింది. ఊరెక్కడమ్మా అంటే కూకట్‌పల్లి అంది.

ఆట ఆడటానికి వచ్చిన కుర్రాళ్లతో ఇంకా విసుగు. కాడికి ఎడమవైపు కట్టేది దాపటి గిత్త, కుడివైపుది వెలపటిది. దానికో మీట, దీనికో మీట. రెండూ కలిసి అడుగు వేస్తేనే బండ కదులుతుంది. వీళ్లు కూర్చోవడమే ఆలస్యం, వాయించినట్టు మీటలు వాయిస్తారు. కొరడా మీట ఒకటుంది. ఎక్కువ కొడితే గిత్త కూలబడుతుంది, నిజం పందెంలో లాగానే. "కొట్టబాకయ్యా, ఊపిరి తీసుకోనీ" అని నేను అరుస్తూనే ఉన్నాను. చెవులకు డొప్పలు తగిలించుకున్నవాడికి ఏం వినపడుతుంది! మధ్యాహ్నం ఆకలేసి పక్కనున్న తిండి బల్ల దగ్గరికి పోతే మూడు ఇడ్లీలు నూట ఎనభై అన్నారు.

"పిండిలో ఏం కలిపావయ్యా?" అని వడ్డించేవాణ్ని అడిగాను.

"ఏసీ కలిపాం పెద్దాయనా" అన్నాడు వాడు. ఆ రోజు మొత్తంలో నాకు నచ్చిన మనిషి వాడొక్కడే.

నేను తిని వచ్చాక లహరి తినడానికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే వచ్చింది బెంగుళూరామె. మెడలో బిళ్ల వేసుకుని ఉంది. బెంగుళూరులో ఆటలు తీసుకునే కంపెనీ మనిషి, పుట్టింది అనంతపురమట, తెలుగు బాగానే మాట్లాడింది. నిలబడే తెర వంక చూసి, "బాగుందా పెద్దాయనా మీ గేమ్?" అని అడిగింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పందేనికి ముందు తన జతను ఏ రైతూ మెచ్చుకోడు. దిష్టి తగులుతుంది. ఎవరన్నా అడిగితే మేత దండగ, ఏదో తోలుకొచ్చాం అంటాడు. విన్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఎంత తీసిపారేస్తే ఆ జతను చూసి అంత భయపడతారు. నలభై ఏళ్లు పందేలకు తోలినవాణ్ని, నా నోట ఇంకోమాట ఎట్లా వస్తుంది? "ఏముందమ్మా, పిల్లలు ఏదో చేశారు. లాగితే లాగుతాయి, లేకపోతే లేదు" అన్నాను. ఆమె నవ్వి, తన పేరు, కంపెనీ పేరు ఉన్న చీటీ ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సంగతి గట్టిగానే చెప్పానని నేను మీసం తిప్పుకుంటూ నిలబడ్డాను.

లహరి వచ్చి చీటీ చూసి, నేను అన్నమాట విని, కుర్చీలో కూలబడింది.

"తాతయ్యా! పొద్దుటినుంచీ ఆమె కోసమే కదా చూస్తున్నా! పోయి పోయి ఆమెకే చెప్పావా ఆ మాట?"

"పందెం ముందు సొంత గిత్తల్ని పొగుడుకుంటారటే?"

"ఇది పందెం కాదు తాతయ్యా. ఇక్కడ మనం బాగుందనకపోతే నిజంగానే బాగాలేదనుకుంటారు."

"అట్లా పొగిడేది సంతలో బేరగాడు. రైతు కాదు."

"సరేలే. సోమవారం నుంచి నేను రైతూ కాదు, బేరగాడూ కాదు" అంది. కళ్లలో నీళ్లు. నాకు ఒళ్లు మండింది. దాని మీద కాదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్తే తప్ప తెలుసుకోలేని ఆ ఊరి మీద.

కొరడా సంచి అక్కడే పడేసి బెంగుళూరామె కోసం ఆ హాలంతా తిరిగాను. మోకాళ్లు పట్టేశాయి. మెడలో బిళ్ల ఉన్నవాళ్లందరూ ఒక్కలాగే ఉన్నారు. చివరికి కాఫీ వరసలో దొరికింది. "అమ్మా, ఇందాక నేను అన్నది మా వైపు మాట. మా వాళ్లయితే తిరగేసి అర్థం చేసుకుంటారు" అన్నాను.

"అయితే నిజమేంది తాతా?" అంది.

నా సొంత జత గురించి బండ కదలకముందు బాగుందనే మాట ఏనాడూ అనలేదు. "బాగుంటుందమ్మా. మా పిల్ల ఆట చాలా బాగుంటుంది" అన్నాను. దిష్టి పోవడానికి మూడుసార్లు ఉమ్మబోయి, కింద పరిచిన తివాచీ చూసి మింగాను.

ఆమె కాఫీ పట్టుకునే వచ్చి కూర్చుంది. మొదటిసారి ఆమె గిత్తా కూలబడింది. రెండోసారి నెమ్మదిగా ఆడింది. బండ కదిలినప్పుడు "హా!" అని గట్టిగా అరిచింది, పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. మూడోసారి కూడా ఆడింది. లేచాక వంకలు మొదలుపెట్టింది. సమయం చూపించే గడియారం కనపడటం లేదు, మొదట్లో ఏం చేయాలో తెలియడం లేదు, గడ్డి ప్లాస్టిక్ లాగా ఉంది, అదిలింపు వెనక ఫ్యాను మోత వినపడుతోంది. ఇవన్నీ సరిచేసి రెండు నెలల్లో పంపండి, అప్పుడు మాట్లాడదాం అని వెళ్లిపోయింది.

"అయిపోయింది తాతయ్యా. మర్యాదగా కాదంది" అంది లహరి.

"పిచ్చిదానా, కొనదలచినవాడే పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు. అక్కర్లేనివాడు బాగుందని భుజం తట్టి పోతాడు" అన్నాను. అది నమ్మలేదు. సామాను సర్దుకుని మళ్లీ ఆటోలో ఎల్బీనగర్ వచ్చి, విజయవాడ బస్సు ఎక్కాం. నార్కట్‌పల్లి దాటాక టీకి బస్సు ఆపారు. అక్కడే అల్లుడి ఫోన్ వచ్చింది.

"లేదు నాన్నా, తీసుకోలేదు. అట్లా అని కాదనలేదు. మార్చి పంపమంది. ఇంకో రెండు నెలలు..." అని మధ్యలోనే ఆపి ఫోన్ నా చేతికిచ్చింది.

"మామయ్య గారూ, దాని సంగతి వదిలేయండి. మీరు చూశారు కదా. నిజం చెప్పండి, ఆట ఎట్లా ఉంది?" అన్నాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది! "చెప్పుకోవడానికేం లేదయ్యా. ఏదో కాలక్షేపం" అన్నాను. లహరి తల పట్టుకుంది. అటువైపు అల్లుడు నవ్వాడు.

"అంత బాగుందా? సరే, రెండు నెలలు చూద్దామని చెప్పండి దానికి."

ఆ రెండు నెలలు ఇప్పుడు నడుస్తున్నాయి. ఏమవుతుందో నాకు తెలియదు, తెలిసినా చెప్పను. ఆ మేళా మీద నా కోపం మాత్రం తగ్గలేదు. మనిషి ఏమన్నాడో వింటారు గాని, ఎందుకన్నాడో వినరు అక్కడ. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ పిల్ల రెండేళ్లు గదిలో కూర్చుని చేసినదాన్ని నేను ఒక్కసారన్నా బాగుందని దాని ఎదుట అనలేదు. దిష్టి భయం అనుకున్నాను. అదేమో నాకు నచ్చలేదనుకుందట. కాఫీ వరస దగ్గర నేను అన్నమాట బెంగుళూరామె లహరితో చెప్పిందట, నేను బస్సు దిగేముందు అది నాతో అంది. చిల్లకల్లులో నేను దిగాక కిటికీలోంచి చెయ్యి ఊపింది.

మీరూ ఇట్లాంటి మేళాకు సొంత సరుకుతో పోతుంటే రెండో మనిషిని తప్పకుండా తీసుకుపోండి, ఒక్కరితో అయ్యే పని కాదు. అయితే ఎవరన్నా వచ్చి ఎట్లా ఉందని అడిగితే ఏం చెప్పాలో ఆ మనిషికి బస్సు ఎక్కకముందే నేర్పండి.