బండికి రాసిన నూనె

దాక్కున్నవాణ్ణి కూడా వెతుక్కుంటూ వచ్చే దేవునికి స్తోత్రం. మాట్లాడవలసిన చోట మూగబోయిన ఈ నాలుకను ఇంకా నా నోట్లో ఉంచిన ఆయన నామానికి మహిమ. ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను. తర్వాత చెప్పేదాంట్లో స్తుతించదగినది ఏమీ లేదు.

గరివిడి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన వారం, ఈ ఏడాది పిల్లల్ని రోబోటిక్స్ పోటీకి తీసుకెళ్ళే పని పడిన కొత్త టీచరమ్మ వచ్చి, అక్కడ ఏమేం ఉంటాయో చెప్పమని అడిగింది. రెండేళ్ళ క్రితం వెళ్ళొచ్చినవాణ్ణి కనుక చెప్పాను. ముందు తనిఖీ ఉంటుంది. రోబో వాళ్ళ కొలత పెట్టెలో పట్టకపోతే అక్కడే విప్పి సరిచేయాలి. తనిఖీ అయ్యాక దాని మీద పెద్దవాళ్ళ చేయి పడకూడదు, తాడు అవతల నిలబడాలి. మూడు రౌండ్లు ఉంటాయి, వాటిలో ఏది బాగా వస్తే అదే లెక్క. బళ్ళో చక్కగా నడిచింది అక్కడి దీపాల వెలుగులో తడబడవచ్చు. చివర జడ్జీలు పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రోగ్రాం ఎవరు రాశారు, ఎందుకలా రాశారు అని అడుగుతారు. అదనపు బ్యాటరీలు, స్క్రూడ్రైవరు, పులిహోర మరచిపోవద్దన్నాను. ఆమె అన్నీ రాసుకుంది.

ఒక్కటి చెప్పలేదు. అది అప్పటినుంచి నా వెనకే నడుస్తోంది.

రెండేళ్ళ క్రితం మా జట్టులో ముగ్గురు ఆడపిల్లలు. ప్రోగ్రాం రాసింది పదో తరగతి పిల్ల. వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాడు. కూతుర్ని పాలిటెక్నిక్‌లో చేర్చమని ఇంటికి వెళ్ళి అడిగితే, పోటీలో ఏం చేస్తుందో చూసి చెబుతానన్నాడు. ఆడపిల్లకు మెషిన్ల పని వస్తుందని ఆయనకు నమ్మకం లేదు. ఆ పిల్లకీ సంగతి తెలుసు. నెలరోజులు రోబో పని కోసం సాయంత్రం బస్సు వదిలేసి, నడిచి ఇంటికి వెళ్ళింది.

ఆ రోబోను వాళ్ళు బండి అనేవారు. తెల్లటి చాప మీద నల్ల గీత వెంట నడవడం దాని పని. ముందు భాగంలో కిందికి చూసే చిన్న సెన్సారు ఉంటుంది, ఎర్రగా వెలుగుతుంది. గీతను చూసేది అదే. మొదట్లో అది గీత తప్పినప్పుడల్లా జట్టులో రెండో పిల్ల, "ఒసే, నీ బండి నీలాగే, సెప్పిన దారిలో ఎల్లదు" అని ఏడిపించేది. పోటీ నాటికి మాత్రం ఒక్కసారి కూడా తప్పడం లేదు.

మా సంఘంలో ఎవరు కొత్త బండి కొన్నా మందిరం ముందుకు తెస్తారు. సంఘపెద్ద ప్రార్థన చేసి, ముందు లైటు మీద నూనెతో అభిషేకిస్తాడు. స్కూటరైనా ఆటో అయినా అంతే. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అప్పటికి రెండేళ్ళుగా ఆ నూనె సీసా పట్టుకునే పెద్దను నేనే, అది ఎప్పుడూ నా జేబులోనే ఉండేది.

విజయనగరంలో ఒక కాలేజీ హాల్లో పోటీ. తనిఖీ అయింది. మాస్టర్లం తాడు దాటి బయటికి వెళ్ళాలని మైకులో చెబుతుండగా, పిల్లలు కళ్ళు మూసుకుంటే ప్రార్థన చేశాను. నెలరోజులుగా బండి, బండి అని వింటూ ఉన్నానేమో, చేయి దానంతటదే జేబులోని సీసా తీసింది. నూనె వేలితో ఆ ఎర్ర లైటును తాకాను. ఆమేన్ అన్నాక పిల్లలు కళ్ళు తెరిచారు. ఎవరూ చూడలేదు.

మొదటి రౌండులో బండి గీత దాటి నేరుగా వెళ్ళి చాప అంచున ఉన్న చెక్కకు కొట్టుకుంది. హాల్లో దీపాల వెలుగు తేడా అనుకుని, తెలుపేదో నలుపేదో చెప్పే అంకెల్ని ఆ పిల్ల మార్చింది. రెండో రౌండులో రెండడుగులు వేసి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. తాడు వెనక నిలబడి చెమట తుడుచుకుంటుంటే వేలి వాసన తగిలింది. ఒలీవ నూనె. అప్పుడు తెలిసింది, ఆ నూనె మసకలో బండికి గీత కనబడడం లేదని.

ఆ పిల్ల నాకు నాలుగడుగుల దూరంలో, ల్యాప్‌టాప్ మీద వంగి ఉంది. చున్నీ కొంగుతో ఆ లైటు తుడువమ్మా అంటే చాలు. తనిఖీ తర్వాత నా చేయి పడిందని తెలిస్తే జట్టును తీసేస్తారేమో, నోరు మూసుకోవడమే వాళ్ళకు మేలని అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం, పక్కన నిలబడిన మాస్టర్లు. మెషినుకు నూనె రాసి ప్రార్థన చేశాడట అని వాళ్ళు నవ్వుతారని.

మూడో రౌండూ పోయింది.

జడ్జీలు ఏమైందని అడిగారు. ఆ పిల్ల లేచి నిలబడి, "ప్రోగ్రాం నాను రాసినాను సార్. తప్పు నాదే" అంది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

తిరుగు బస్సులో ఆ పిల్ల నా పక్కనే, కిటికీ దగ్గర కూర్చుంది. విజయనగరం దాటాక నా వైపు తిరిగింది.

"మాస్టారూ, మనం ప్రార్థన సేసినాం కదా. మరెందుకు నడవనేదు?"

"దేవుని చిత్తం అమ్మా" అన్నాను.

"దేముడికి నా మీద ఏటి కోపం?"

కోపం కాదు, పరీక్ష అన్నాను. తల ఊపి కిటికీ వైపు తిరిగింది.

సోమవారం బడి అయ్యాక, ఒక్కణ్ణే ఆ సెన్సారును రుమాలుతో తుడిచాను. అంకెలు మార్చకముందు ఆ పిల్ల రాసిన ప్రోగ్రాం కూడా అందులోనే ఉంది, దాన్నే పెట్టాను. చాప పరిచి బండిని వదిలాను. ఖాళీ గదిలో అది గీత వెంట, వంపులన్నీ తిరిగి, చివరిదాకా వెళ్ళి ఆగింది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పటికీ ఆ చప్పుడు వినిపిస్తుంది. వాక్యం చదువుతున్నప్పుడు, పాటకీ పాటకీ మధ్య మౌనంలో, సన్నగా చక్రాలు తిరుగుతాయి.

వాళ్ళ నాన్న పాలిటెక్నిక్ మాట ఎత్తనివ్వలేదు. నేనూ వెళ్ళి అడగలేదు. "మెషిన్లు నా సేతికి రావు మాస్టారూ" అని ఆ పిల్లే చెప్పి వెళ్ళిపోయింది. ఇప్పుడు పాతపట్నంలో మేనత్త బట్టల కొట్లో కూర్చుంటోంది. ఆదివారం ఆరాధనకు రావడం మానేసిందని వాళ్ళమ్మ చెప్పి కన్నీళ్ళు పెట్టుకుంటే, ప్రార్థన చేస్తానన్నాను. చేశాను కూడా. ఏ నోటితో చేశానో ఆయనకే తెలుసు.

నా తప్పును దేవుని మీద వేశాను. ఆ పిల్ల అది నమ్మింది.

ఈ శనివారం పాతపట్నం వెళ్తున్నాను. వాళ్ళ నాన్ననూ రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి. ఆమె నన్ను క్షమించాలని కాదు. ఆ కొట్లో, వాళ్ళ నాన్న ఎదుట, మొదలునుంచి చివరిదాకా మాట మింగకుండా చెప్పగలిగేలా అడగండి. ఆ పిల్ల రాసిందాంట్లో తప్పు లేదని ఆయన నమ్మేలా, ఆ పిల్లా నమ్మేలా అడగండి. ఆమెకు పదిహేడేళ్ళు, పాలిటెక్నిక్‌కు ఇంకా వేళ మించలేదు. మోకరించలేని చోట ఉంటే ఉన్నచోటే ఒక్క నిమిషం, నా కోసం కాకపోయినా ఆమె కోసం.