చెలమ నీళ్ళ కాఫీ

మా మేడం పోయారన్న సంగతి మా ఇంటికి పాలతో పాటు వచ్చింది. పొద్దున్నే పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి, "కొత్తపేట మేడంగారు నిద్దట్లోనే పోయారంటమ్మా. పాలు తీసుకెళ్తే వాళ్ళ తమ్ముడుగారు ఇయ్యాళ వద్దని చెయ్యూపారు" అంది. అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. నావైపు తిరిగి, "కాఫీ పెట్టనా?" అంది. మా ఇంట్లో మేడం గురించిన మాటలన్నీ కాఫీతోనే మొదలవుతాయి.

తెనాలిలో మేం చదువుకున్న కాలేజీలో ఆవిడ బోటనీ చెప్పేవారు. నేను ఆవిడ విద్యార్థినిగా ఉన్నది అరవైల చివర. పోవడానికి ముందటేడు ఆవిడ రిటైరయ్యాక, అక్కడే డెమాన్‌స్ట్రేటరుగా చేరిన నాకు తన ఆదివారాలు అప్పగించారు. ఆదివారాలంటే, ఆడపిల్లల్ని వెంటేసుకుని కాలవ గట్లమ్మట, చేలమ్మట మొక్కల కోసం నడవడం. పేరుకి నేను తీసుకెళ్తున్నా, పిల్లల్ని పంపేవాళ్ళు నన్ను చూసి పంపడం లేదని నాకు తెలుసు. "ఆ మేడంగారు చెప్పారు కాబట్టి పంపుతున్నాం" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. అందుకే ఆ పొద్దున ఏడుపుతో పాటు ఇంకో భయం కూడా పట్టుకుంది నాకు. ఆవిడతోనే ఆ ఆదివారాలు కూడా పోతాయేమోనని.

ఖాకీ కాన్వాసు గుడ్డతో రెండు పట్టీలు పెట్టించి కుట్టించుకున్న సంచీ వీపుకి తగిలించుకుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని ఆవిడ స్టేషనుకి వస్తుంటే, రిక్షావాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

"ఏంటమ్మగారూ, మిలిట్రీలో చేరారా?"

"ఇంకా చేర్చుకోలేదయ్యా. నువ్వో మాట సిఫార్సు చెయ్యరాదూ!"

ఆ సంచీలో సగం పాత పేపర్లు, మొక్కలు అదిమే అట్టలు. మిగతా సగం కాఫీ సరంజామా. తువ్వాల్లో చుట్టిన ఇత్తడి ఫిల్టరు, పొడి డబ్బా, పంచదార, ఒక గిన్నె, ఒకదాంట్లో ఒకటి ఇమిడే గ్లాసులు. శనివారం సాయంత్రం ఆవిడ గింజలు వేయించి చేతి మరలో పట్టేవారు. ఆ వీధిలో వాసన వచ్చిందంటే మర్నాడు మాకు నడక ఉన్నట్టే.

ఈ కాలం పిల్లలకి ఇదంతా వింతగా ఉంటుంది. దారిలో హోటళ్ళు లేవా అని అడుగుతారు. ఉన్నాయి, మగవాళ్ళకి. మాతో వచ్చిన జువాలజీ మాస్టారు రేపల్లె స్టేషను బయట హోటల్లోకి వెళ్ళి, మీసాలు తుడుచుకుంటూ హుషారుగా బయటికి వచ్చేవారు. సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆ బల్లల ముందు కూర్చోవడం అప్పట్లో మర్యాద కాదు. కాఫీ వేళ దాటితే తల పగిలిపోయే మా అమ్మలూ అత్తయ్యలూ ఆ ఒక్క కారణానికే ప్రయాణాలు మానుకున్నారంటే నవ్వకండి. మా అమ్మ తెనాలిలో కాపరం పెట్టి అన్నేళ్ళయినా, బాపట్ల వెళితే కనిపించే సముద్రాన్ని చూడలేదు. బయట నీళ్ళు ముట్టదు. కాఫీ లేకపోతే తలకి గుడ్డ కట్టుకుని పడుకుంటుంది. ఇంక సముద్రం ఎక్కడ చూస్తుంది!

మేడం మాత్రం, "వాళ్ళకి దారి పొడుగునా హోటళ్ళున్నాయి. మనకి మన వీపు మీదే ఉంది. ఎక్కడ దింపితే అక్కడ తెరిచినట్టు" అనేవారు.

ఏ గట్టు మీదో మూడు రాళ్ళు పేర్చి, ఎండు తాటాకులు మంటపెట్టి, ముందు ఖాళీ ఫిల్టర్ని వేడినీళ్ళతో కడిగేవారు. పొడి వేసి స్పూను వెనక వైపుతో మెల్లిగా అదిమి, గుక్కెడు నీళ్ళు పోసి ఆగేవారు. పొడి ఉబ్బాక మిగతా నీళ్ళు. "తట్టకే దాన్ని. దానంతటది దిగాలి" అని ఎవరో ఒకరిని కసరడం ప్రతిసారీ ఉండేది. డికాషను దిగే లోపల, మేం తెచ్చిన మొక్క ఏ కుటుంబానిదో తేల్చాలి. మా క్లాసులో గడియారం అదే. తేల్చలేకపోయినా కాఫీ ఇచ్చేవారు. "తాగి మళ్ళీ చూడు. తలనొప్పితో చూస్తే అన్ని ఆకులూ ఒకలాగే ఉంటాయి."

నేను ఫైనలియర్లో ఉండగా, రేపల్లె నుంచి కృష్ణ ఒడ్డు పట్టుకుని, నది సముద్రంలో కలిసేదాకా నడుద్దామన్నారు మేడం. రాత్రిళ్ళు దారిలో బడుల్లో పడుకోవాలి. మా ఇళ్ళన్నీ గగ్గోలెత్తాయి. "సంచులు తగిలించుకుని ఊళ్ళమ్మట తిరగడానికి మీరేమన్నా బుడబుక్కలాళ్ళటే?" అంది అమ్మ. మిగతా తల్లులు, మీ అమ్మ సరేనంటే మేమూ పంపుతాం అన్నారు. అంటే అందరి కాళ్ళూ అమ్మ నోట్లో మాట మీద ఆగాయి. నాన్న పేపరు మడిచి, "మీ అమ్మ ఇష్టం" అని తప్పుకున్నారు. నేను అన్నం మానేశాక అమ్మ ఒక మెట్టు దిగింది. "ఒక్కరోజు నేనూ వస్తాను. ఆవిడ మిమ్మల్ని ఎలా తిప్పుతుందో చూసి చెప్తాను."

అలా అమ్మ మాతో బాపట్ల వచ్చింది. రైలు దిగి, స్టేషను దగ్గర క్యానులో పాలు పోయించుకుని, కొంత దూరం జట్కాలో, మిగతాది నడిచి సముద్రం దగ్గరి సరుగుడు తోటలోకి చేరేసరికి పొద్దెక్కింది. అమ్మ అప్పటికే కణతలు నొక్కుకుంటోంది. సముద్రం వైపు చూడను కూడా లేదు.

మేడం ఇసుకలో చెలమ తవ్వించారు. అందరికీ సరిపడా నీళ్ళు ఊరాలని, మేం మోకాళ్ళ లోతు దాకా తోడేశాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎవరూ రుచి చూడలేదు. డికాషను దిగింది, పాలు కాగాయి, రెండూ కలిపారు. చూస్తుండగానే గిన్నెలో పాలు ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి. వేలు ముంచి నాలిక్కి రాసుకున్న మేడం మొహం చిట్లించారు. ఉప్పు కషాయం.

రేపల్లె నడక ఆ గిన్నెలోనే విరిగిపోయిందనుకున్నాను.

"ఎంత లోతు తీశారు?" అంది అమ్మ, తల ఎత్తకుండానే.

చూపించాం.

"అంత తవ్వితే ఉప్పు తగలక ఏమవుద్ది? పైన తేలేవే మంచినీళ్ళు. అడుక్కెళ్తే సముద్రమేగా!"

అమ్మ పుట్టింది రేపల్లె దగ్గర ఏటి ఒడ్డు ఊళ్ళో. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఎగదన్నే చోట, ఇసుకలో చెలమలు తీసుకుని బతికినవాళ్ళు. ఆ చెలమల సంగతి నాకే తెలియదు. మేడం మాత్రం ఏమీ చిన్నబుచ్చుకోలేదు. గ్లాసు తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చి, "అయితే నువ్వు తీయి చెల్లెమ్మా. మేం చూసి నేర్చుకుంటాం" అన్నారు.

అమ్మ కొంగు బిగించి, కాస్త అవతల గుంట తీసింది. జానెడు లోతు కూడా లేదు. ఇసుక తేరుకునేదాకా ఆగి, మీగడ తీసినట్టు పైపైన గ్లాసుతో నీళ్ళు తీసింది. క్యానులో మిగిలిన పాలకి మేడం మళ్ళీ డికాషను వేశారు. ఇద్దరూ ఫిల్టరుకి చెరో పక్కా కూర్చుని, అది దిగేదాకా, మా గురించి కాదు, చికోరీ ఎంత కలపాలన్న దాని మీద వాదించుకున్నారు.

"నువ్వు బయట నీళ్ళు ముట్టవటగా?" అన్నారు మేడం, గ్లాసు అందిస్తూ.

"నేను తీసిన నీళ్ళు నాకు బయటివేంటండీ!" అంది అమ్మ.

తాగాక చాలాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. తిరుగు రైలు నిడుబ్రోలు దాటింది. నేను ఆశ వదులుకుని కిటికీలోంచి చూస్తుంటే అప్పుడడిగింది, "ఆ ఏటి ఒడ్డున పాలు ఎక్కడ దొరుకుతాయటే మీకు? రెండో రోజు మా పెద్దన్నయ్య ఊరు తగుల్తుంది. పాడి ఉంది వాళ్ళకి. కబురు పెడతాను."

మేం నడిచాం. నది సముద్రంలో కలిసేచోట, ఏది నదో ఏది సముద్రమో తెలియని నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి మేడం మాకు ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల గురించి చెప్పిన పాఠం నేనింకా నా క్లాసు పిల్లలకి చెప్తూనే ఉన్నాను.

మేడం పోయిన ఆ పొద్దున అమ్మా నేనూ కొత్తపేట వెళ్ళాం. వసారాలో ఆవిణ్ణి పడుకోబెట్టారు. పక్కన ఆవిడ తమ్ముడి కూతురు కూర్చుని ఉంది, ఇంటర్ చదువుతున్న పిల్ల. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, "అక్కా, నడకలు ఆపేస్తారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వాళ్ళ నాన్న అందుకున్నారు.

"మా అక్కయ్యే లేదు, ఇంకెందుకమ్మా ఆ తిరుగుళ్ళు? ఎవరు చూస్తారు మిమ్మల్ని?"

వసారాలో మాతో నడకలకి వచ్చే పిల్లల తల్లులు ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. అందరూ ఆయన మాట వింటున్నారు.

"నేను చూస్తానండి" అంది అమ్మ. "పెద్దకర్మ కానివ్వండి. ఆ తరవాతి ఆదివారం నేనూ వెళ్తాను వీళ్ళతో. మీ పిల్లని పంపించండి అన్నయ్యగారూ."

ఆయన అమ్మ మొహంలోకి చూశారు. సరేనన్నట్టు తలూపారు.

ఆ ఆదివారం రేపల్లె రైలు దిగి కాలవ గట్టెక్కాం. ఒక్క పిల్ల కూడా తగ్గలేదు. మంచు ఇంకా విడలేదు. అమ్మ మా అందరికన్నా ముందు, చెప్పులు చేతిలో పట్టుకుని, పుట్టింటి దారి కదా, ఎవరికోసమూ ఆగకుండా నడుస్తోంది. వెనకనించి పిల్లలు "అత్తయ్యగారూ, నెమ్మదిగా!" అని కేకలు పెడుతున్నారు. అమ్మ అడుగుల చప్పుడుకి చేలోంచి కొంగలు ఒక్కొక్కటే లేచి, కాస్త ముందుకెళ్ళి, మళ్ళీ గట్టు మీదే వాలుతున్నాయి.