కుక్క మీద ఏడు సందేహాలు

నా చిన్నప్పుడు, పదేళ్ళు నిండకముందే, ఐదువందల ఏళ్ళ నాటి యూదు మతగురువు రాసిన హీబ్రూ గ్రంథాన్ని ఒక్క మధ్యాహ్నంలో చదివి అవతల పెట్టాను. ఈ మాట మా ఇన్వర్‌కార్గిల్ చర్చిలో చెబితే, నర్సులుగా పనిచేసే మన పిల్లలు టీ చల్లారిపోతున్నా వింటూ ఉండిపోతారు.

అప్పట్లో మేం డునెడిన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడి హాస్పిటల్లో డాక్టరు. వీధి మొత్తానికి తెలుగువాళ్ళం మేమే కాబట్టి, నాకూ మా అక్కకూ పక్కింటి పెద్దాయనే తాతయ్య. ఆయన యూదుడు. భార్య పోయాక ఆయనకు మిగిలినవి ఒక ముసలి కుక్క, టమాటాలు పెంచుకునే గాజుగది, ఐదువందల ఏళ్ళ కిందట పోర్చుగల్‌లో పుట్టిన ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు, తన వంశంలోనివాడేనన్న గర్వం. ఆ రబ్బీ రాజుగారి కొలువులో పెద్ద ఉద్యోగం చేసి, రాజు మారగానే ప్రాణాలు అరచేత పట్టుకుని స్పెయిన్‌కు పారిపోయాడట. అక్కణ్ణించీ వెళ్ళగొడితే ఓడెక్కి ఇటలీ చేరాడట. ఆ పరుగులో పోయిన రాతప్రతి ఏళ్ళ తర్వాత ఏదో దీవిలో దొరికితే, ఏమీ జరగనట్టు కూర్చుని పూర్తి చేశాడట. వంశం సంగతికి మాత్రం రుజువేమీ లేదు. ఈ విషయంలో పెద్దాయన కొంచెం నాలాంటివాడే.

ఒక ఆదివారం నేను కొట్టిన క్రికెట్ బంతికి గాజుగది అద్దం ఒకటి భళ్ళున పగిలింది. కుక్క ఎగిరి దూకిందని చెప్పేశాను. అప్పుడే తండ్రిని చూడ్డానికి వచ్చిన పెద్దాయన కొడుకు ఆ మాట పట్టుకున్నాడు. ముసలాయనకి ఈ కుక్కతో వేగడం కష్టమని ఆయన ఎప్పట్నించో అంటున్నాడు. వచ్చే వారం దాన్ని ఎక్కడో గొర్రెల ఫారానికి పంపేస్తానన్నాడు. పెద్దాయన మాత్రం కుక్క తలమీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

మర్నాడు నన్నూ, తోడొచ్చిన అక్కనూ వంటింట్లో కూర్చోబెట్టి ఆ రబ్బీ పుస్తకం బల్ల మీద పెట్టాడు. నేను అలవాటుగా ఎడమవైపు నుంచి తెరిచాను. హీబ్రూ కుడినుంచి ఎడమకి చదువుతారు కాబట్టి అది చివరి పేజీ అట. నవ్వకుండా తిప్పి పెట్టి, ఆయన ఇంగ్లీషులో అన్నదాని సారాంశం ఇది: "ఈయన దేనికైనా అర్థం చెప్పేముందు, దానిమీద రాగల సందేహాలన్నీ తనే వరసగా రాసుకుంటాడు. జవాబు ఆ తర్వాతే. నీ కుక్క కథకీ అలాగే రాయి. అన్నిటికీ జవాబు దొరికితే కుక్క వెళ్తుంది."

కాగితం, పెన్సిలు ఇచ్చి టీ పెట్టుకోవడానికి లేచాడు. సోఫా ఎక్కాలంటేనే ఎత్తి కూర్చోబెట్టాల్సిన కుక్క నా తలకన్నా ఎత్తున్న అద్దాన్ని ఎలా అందుకుంది? టమాటా మొక్కల మధ్యకి బంతి ఎందుకు వెళ్ళింది? కుక్క దూకితే నేను బ్యాటు వీపు వెనక ఎందుకు దాచాను? ఇలా ఏడు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పెద్దాయన ముఖం చూడలేక, బల్ల కిందకి వంగి కుక్కకే నిజం చెప్పాను. పైనుంచి ఆయన విన్నాడు. కప్పు దించి, కొడుక్కి ఫోన్ చేశాడు. కుక్క ఉండిపోయింది. ఆ వేసవంతా గాజుగదిలో కలుపు మాత్రం నా చేత తీయించాడు.

ఇక ఒప్పుకోవాలి. ఆ గ్రంథం నేను చదవలేదు. రెండు పేజీలు తాకాను, అందులో ఒకటి తప్పు వైపుది. అది ఐదువందల ఏళ్ళ నాటి ప్రతి కూడా కాదు, తర్వాతెప్పుడో అచ్చువేసింది. ఇప్పటికీ ఏదైనా చెప్పేముందు దానిమీద సందేహాలు మనసులో వరసపెట్టుకుంటాను. జవాబు దొరక్కపోయినా చాలాసార్లు చెప్పేస్తాను, అది నా బలహీనత. కానీ నా కోతల వల్ల ఇంకొకరు ఇల్లు వదలాల్సి వచ్చేలా ఉంటే, నోరు దానంతటదే మూతపడుతుంది.

ఇంతవరకూ రాసి, పామర్‌స్టన్ నార్త్‌లో ఉన్న మా అక్కకి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ ఏడూ రాసింది నేను. నువ్వు పెన్సిలు చెక్కావు. అదీ రెండుసార్లు విరగ్గొట్టావు."